ఋషి ఋణానికి రిటైర్మెంట్ ఉందా?

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన చుట్టూ నలుగురైదుగురు పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు. వాల్తేరులోనూ గుంటూరులోనూ తార్నాకలోనూ వరంగల్లులోనూ ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. పదవీ విరమణ నాడు శాలువా కప్పి, దండ వేసి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి అని పంపిస్తారు. మర్నాటి నుంచి ఆ మనిషి కాలం మీద హక్కు ఎవరిది అని మాత్రం ఎవరూ అడగరు. ఆ హక్కు తమదేనని ఇంట్లోవాళ్లు అడక్కుండానే అనుకుంటారు. కరెంటు బిల్లు, బ్యాంకు పని, మనవడి స్కూలు బస్సు, చిన్నమ్మాయి పురుడు, అన్నీ ఆయన మీదికి వస్తాయి. ఊళ్లోవాళ్లు ఆ హక్కు దేవుడిదంటారు. కృష్ణా రామా అనుకునే వయసులో ఇంకా పుస్తకాలేమిటని మందలిస్తారు. ఈ రెండు జవాబుల్లోనూ కొంత న్యాయం ఉంది. కానీ మన పెద్దలు మనిషి నెత్తిన పెట్టిన ఋణాల్లో ఒకటి, ఋషి ఋణం, ఈ రెండు లెక్కల్లోకీ రావడం లేదు. గ్రంథాలయాధికారి విషయంలో ఆ ఋణం ఉద్యోగంతో ముగియదని, దాన్ని సరిగా తీర్చుకునే తీరిక చిక్కేది రిటైరైన తర్వాతేనని నా వాదన. పెద్ద సంసారం ఆ పనికి అడ్డు కాదు, కాకూడదు కూడా.

మూడు ఋణాల మాట తైత్తిరీయ సంహితలో ఉంది. పుట్టుకతోనే మనిషి ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు బాకీ పడతాడని, బ్రహ్మచర్యంతో మొదటిది, యజ్ఞంతో రెండోది, సంతానంతో మూడోది తీరుతుందని అక్కడి లెక్క. ఆ వాక్యం బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి చెప్పింది. శతపథ బ్రాహ్మణం ఆ గిరి గీయకుండా పుట్టిన ప్రతివాడూ ఋణస్థుడేనంది. తోటి మనుషుల ఋణమనే నాలుగోదాన్ని కూడా చేర్చి, అది ఆతిథ్యంతో తీరుతుందంది. నేను ఈ విశాలమైన అర్థాన్నే తీసుకుంటున్నాను. చదువు అందరిదీ అయిన కాలంలో చదువు బాకీ కూడా అందరిదీ అవుతుంది. మనుస్మృతి ఈ ఋణాలను ఎంత గట్టిగా పట్టుకుందంటే, మూడూ తీర్చాకే మోక్షం వైపు మనసు పెట్టాలని, తీర్చకుండా అటు వెళ్లినవాడు కిందికే పోతాడని ఆరో అధ్యాయంలో చెబుతుంది. రిటైరైనవారిని జపమాల వైపు తోసేవారు ఈ వరసను గమనించాలి. బాకీ ముందు, విడుదల తర్వాత.

ఇంటినిండా సంతానమున్న మనిషి పితృ ఋణం ఎప్పుడో తీర్చేశాడు. ఋషి ఋణం మాటేమిటి? చిన్నప్పుడు నాలుగు అక్షరాలు నేర్చుకోవడంతో అదీ తీరిపోయిందనుకోవడం సులువు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి అలా అనుకోనివ్వదు. మనిషి ఆచరించవలసినవాటి వరస ఒకటి అక్కడ వస్తుంది. సత్యం, తపస్సు, ఇంద్రియ నిగ్రహం, అగ్నిహోత్రం, అతిథి సేవ, బిడ్డలు. ఒక్కొక్కటీ చెప్పినప్పుడల్లా దాని పక్కనే స్వాధ్యాయాన్నీ ప్రవచనాన్నీ, అంటే తాను చదవడాన్నీ ఇతరులకు అందించడాన్నీ ఆ ఉపనిషత్తు మళ్లీ మళ్లీ నిలబెడుతుంది. వరస చివర వచ్చే మాటకు శంకరాచార్యులు మనవలు కలగడమని భాష్యం చెప్పారు. అక్కడ కూడా ఆ జంట తప్పలేదు. మనవల దాకా వచ్చిన ఇంట్లో కూడా చదవడం, అందించడం ఆగకూడదనే దీని అర్థం. ఇల్లా, విద్యా అన్న ప్రశ్నే అక్కడ లేదు. నాకుడనే ఋషి మరో అడుగు ముందుకేసి స్వాధ్యాయ ప్రవచనాలే తపస్సని తేల్చినట్టు అదే చోట ఉంది.

అయితే గ్రంథాలయాధికారి పని ప్రవచనం కిందికి వస్తుందా? ఆయన పాఠం చెప్పలేదు. చాలామంది పుస్తకమూ రాయలేదు. ఈ సందేహం సహజమే. వేదం నోటి నుంచి నోటికి సాగిన కాలంలో గురువే గ్రంథం. దాచడం, చెప్పడం, శిష్యుడి చేతికందించడం ఒకే మనిషి చేసే ఒకే పని. తాటాకులు, ఆ తర్వాత అచ్చు వచ్చాక ఆ పని ముగ్గురి పాలైంది. రాసేవారు ఒకరు, బోధించేవారు ఒకరు, భద్రపరిచి వెతికి చేతికిచ్చేవారు మరొకరు. ఈ మూడో మనిషి లేకపోతే మొదటి ఇద్దరి శ్రమ తరం దాటదు. వచ్చిన పుస్తకానికి యాక్సెషన్ నంబరు వేయడం, వర్గీకరణ సంఖ్య ఇవ్వడం, కేటలాగు కార్డు రాయడం, ఏమి అడగాలో కూడా సరిగ్గా తెలియని విద్యార్థి మాటల్లోంచి అతడికి నిజంగా కావలసింది ఏమిటో పట్టుకోవడం చూడటానికి గుమాస్తా పనులు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా ఉండగా ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలు ఈ పనుల వెనకున్న ధర్మాన్ని బయటపెట్టాయి. పుస్తకం ఉన్నది వాడటానికి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి, పాఠకుడి సమయం వృథా కాకూడదు, గ్రంథాలయం పెరుగుతూనే ఉండాలి అన్నదే వాటి సారం. ప్రవచనానికి ఇంతకన్నా శ్రద్ధగల రూపం అచ్చు యుగంలో నాకు కనబడలేదు. పైగా ఇందులో అందించినవాడి పేరు మిగలదు. ఫలం కోరని కర్మకు ఇది దగ్గరి ఉదాహరణ.

ఇక్కడ సంసారానికీ గ్రంథాలయానికీ ఉన్న సంబంధాన్ని కాస్త నిదానంగా చూడాలి. విద్యను కాపాడటానికి కుటుంబం సరిపోతుందా అన్నది మన చరిత్ర ఎప్పుడో పరీక్షించింది. తాళ్లపాక అన్నమాచార్యులది పెద్ద కుటుంబం. కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు కూడా వాగ్గేయకారులే. తండ్రి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారంలో పెట్టించే ఏర్పాటు కుటుంబమే చేసింది. అదీ ఒక గ్రంథాలయమే. వంశం చేసిన ఆ మేలును తక్కువ చేయలేం, అది లేకపోతే అన్నమయ్య మనకు లేడు. కానీ తర్వాతి శతాబ్దాల్లో ఆ రేకులు లోకానికి తెలియకుండా పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో బయటపడ్డాక వాటిని పరిష్కరించి, ప్రచురించి, పాడించిన వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తాళ్లపాక వంశస్థులు కారు. ఇంకోవైపు సి.పి. బ్రౌన్‌ను చూడండి. పరాయి దేశస్థుడు, బ్రహ్మచారి, సంతానం లేదు. ఇళ్ల అటకల మీద చివికిపోతున్న తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులకు తన సొమ్ముతో జీతాలిచ్చి ప్రతులు రాయించి, శుద్ధపాఠాలు సిద్ధం చేయించాడు. వంశం దాచగలదు, ప్రేమతో దాచగలదు. అడిగిన ప్రతివాడికీ ఇవ్వడం మాత్రం వంశం వల్ల అయ్యే పని కాదు. అందుకు వంశంతో నిమిత్తం లేని వ్యవస్థ, దాన్ని నమ్మి కూర్చున్న మనిషి కావాలి. పితృ ఋణం తీర్చినంత మాత్రాన ఋషి ఋణం తీరదనడానికి నాకు ఇదే బలమైన రుజువు. రెంటి వారసులూ వేరు.

రిటైరయ్యాక ఈ ఋణం తీర్చుకోవడం సాధ్యమా అంటే, రంగనాథన్ జీవితమే చెబుతుంది. గణితం పాఠాలు చెప్పుకునే ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరారు. రెండు దశాబ్దాల తర్వాత అక్కడి ఉద్యోగం వదిలారు. ఆ తర్వాతే కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ ఢిల్లీలోనూ పనిచేశారు. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం ఆయన పట్టుదల ఫలితమే. 1962లో, డెబ్బయ్యో ఏట, బెంగళూరులో గ్రంథాలయ శాస్త్ర పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని మొదలుపెట్టారు. కూడబెట్టుకున్న దాంట్లోంచి లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేరు కలిపి ఆచార్య పీఠం నెలకొల్పారు. 1972లో కన్నుమూసేదాకా ఆయనకు విరమణ లేదు. మన తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని పెంచినవారు కవి అబ్బూరి రామకృష్ణారావు. గ్రంథాలయ శాస్త్ర శిక్షణ అక్కడ 1935లోనే మొదలైంది. ఆయన కోడలు అబ్బూరి ఛాయాదేవి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా పనిచేసి 1982లో స్వచ్ఛందంగా విరమించుకున్నారు. ఆ తర్వాతి కాలమంతా రచనలోనే గడిపారు. 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మామగారి వృత్తి ఆ ఇంట్లో కోడలి చేతికి వెళ్లింది. విద్య రక్తాన్ని వెతుక్కోదు, శ్రద్ధను వెతుక్కుంటుంది.

ఇక ఆక్షేపణల దగ్గరికి వస్తాను. ఆధ్యాత్మిక చింతన గలవారి అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. గ్రంథాలయమంతా అపర విద్య, ముండకోపనిషత్తు వేదాలను కూడా ఆ కోవలోనే చేర్చింది, జీవితమంతా కేటలాగులతో గడిపినవాడు చివరి రోజుల్లోనైనా పరతత్త్వాన్ని తెలిపే పర విద్య వైపు తిరగాలి కదా అంటారు. వైరాగ్యం పుట్టిన రోజే సన్యసించవచ్చని జాబాలోపనిషత్తు అనుమతించిందని కూడా గుర్తుచేస్తారు. నిజంగా వైరాగ్యం పుట్టినవాడిని ఆపే హక్కు ఎవరికీ లేదు, నాకూ లేదు. కానీ రిటైర్మెంట్ తేదీ వైరాగ్యం పుట్టిన తేదీ కాదు. ప్రభుత్వం నిర్ణయించిన వయసు వచ్చింది కాబట్టి లోపల విరక్తి కలిగి ఉంటుందనుకోవడం పొరపాటు. ఛాందోగ్యంలో నారదుడి కథ ఇక్కడ పనికొస్తుంది. సనత్కుమారుడి దగ్గరికి వెళ్లి నారదుడు తాను చదివినవన్నీ వరసగా చెబుతాడు. వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, నక్షత్ర విద్య, ఇంకా ఎన్నో. ఇన్ని చదివినా శోకం పోలేదని, ఆత్మను ఎరుగనని ఒప్పుకుంటాడు. ఈ కథను పుస్తక జ్ఞానానికి వ్యతిరేకంగా చెప్పడం అలవాటైపోయింది. సనత్కుమారుడు చేసింది చూడండి. ముందు నీకు తెలిసింది చెప్పు, అక్కడి నుంచి పైది నేను చెబుతానంటాడు. చదివినదంతా నామమేనని చెప్పి, ఆ నామాన్నే ఉపాసించమంటాడు. అక్కడి నుంచే మెట్లు మొదలవుతాయి. కింది మెట్టు పడగొట్టి పైకి ఎక్కించలేదు. తనకు తెలిసినదాన్ని వరసలో పెట్టి ఒకరి ముందు నిజాయితీగా చెప్పడమే నారదుడి మొదటి సాధన. వృద్ధుడైన గ్రంథాలయాధికారి చేయవలసిందీ అదే.

జీతం తీసుకుని చేసిన పనికి ఋణమేమిటని కొందరంటారు. జీతం ఆఫీసు వేళలకు వెల. ముప్పై ఏళ్లలో ఆ మనిషి బుర్రలో పేరుకున్న ఎరుకను జీతం కొనలేదు. ఏ దాత ఇచ్చిన పుస్తకాల కట్ట ఇంకా విప్పకుండా ఉంది, ఏ పత్రిక ఏ సంవత్సరాల సంపుటాలు అట్టలు ఊడి ఎక్కడ పెట్టారు, ఏ సిద్ధాంత గ్రంథం ఏ పేరుతో తప్పుగా నమోదైంది, ఇవి ఏ రిజిస్టరులోనూ ఉండవు. ఇప్పుడన్నీ కంప్యూటర్లు చూసుకుంటాయి కదా అనేది తర్వాతి మాట. 1991లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వచ్చింది, శోధ్‌గంగలో దేశం నలుమూలల పరిశోధన గ్రంథాలు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఇది గొప్ప మేలు, రంగనాథన్ కోరుకున్న సమయపు ఆదా అక్షరాలా జరుగుతోంది. అయినా యంత్రం నమోదు చేసినదాన్నే వెతుకుతుంది. తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున ఎక్కించారు. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక. చలం అని ఒక పుస్తకం, గుడిపాటి వెంకటచలం అని మరొకటి. ఈ చిక్కులను ఒకదానితో ఒకటి కలిపి చెప్పగలిగినవాళ్లు పాత కార్డులు స్వయంగా రాసినవాళ్లే. వాళ్లు పోతే ఆ ఎరుక పోతుంది. యంత్రం ఎంత బలపడితే దానికి సరైన సమాచారం ఇచ్చే మనిషి అవసరం అంత పెరుగుతుంది.

కుటుంబం పేరు మీద వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. పెద్ద సంసారంలో తండ్రి రిటైరయ్యేసరికి అన్నీ ముగిసి ఉండవు. ఒక కూతురి పెళ్లి మిగిలి ఉంటుంది, ఒక కొడుకు ఇంకా స్థిరపడి ఉండడు, గ్రాట్యుటీ సొమ్ము ఇంటి అప్పుకు పోతుంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే పురుళ్లకు, పసిపిల్లల పెంపకానికి తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద వెళ్లి నెలల తరబడి ఉండటం తెలుగు ఇళ్లలో ఆచారంలా స్థిరపడింది. కొత్త దేశంలో ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ బిడ్డను పెంచుకునేవారి కష్టం నిజమైనది, అమ్మానాన్నల అండ కోరడం తప్పు కాదు. రంగనాథన్‌కు ఒక్కడే కొడుకు, ఆయనకు కుదిరింది అయిదుగురి తండ్రికి ఎలా కుదురుతుందనీ అడగవచ్చు. అడగవలసిందే. నా జవాబు మనుస్మృతిలోనే ఉంది. గృహస్థు ఎప్పుడు అడవికి బయల్దేరవచ్చో చెబుతూ ఆ గ్రంథం వయసు లెక్క పెట్టలేదు. చర్మం ముడతలు పడటం, జుట్టు నెరవడం, బిడ్డకు బిడ్డ పుట్టడం గుర్తులుగా చెప్పింది. మనవడి ముఖం చూడటం ఆనాడు ఇంటి బాధ్యతల నుంచి విడుదలకు సూచన. ఈనాడు మనం అదే ఘడియను కొత్త బాధ్యత మొదలయ్యే ఘడియగా మార్చుకున్నాం. అడవులకు పొమ్మని నేను అనడం లేదు. మనవలను ఎత్తుకోవద్దనీ అనడం లేదు. తాత ఒడి బిడ్డకు దక్కాల్సిందే. తాత పూర్తి కాలం మాత్రం బిడ్డ సొత్తు కాదు. దానిలో ఒక పాలు ముక్కూ మొహం తెలియని పాఠకులది, ఇంకా పుట్టని పరిశోధకులది. అయిదుగురిని పెంచినవాడికి ఆ పాలు ఇంకా ఎక్కువ దక్కాలి. బాధ్యత పంచుకోవడానికి ఆ ఇంట్లో అన్ని చేతులున్నాయి.

ఈ వాదనలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని నేను దాచను. భర్త ఋషి ఋణమని ఉదయం పదింటికి గ్రంథాలయానికి బయల్దేరితే ఇంటి చాకిరీ అంతా ఎవరి మీద పడుతుంది? ఆయనకు రిటైర్మెంట్ ఒక తేదీన వచ్చింది. ఆయన భార్యకు ఆ తేదీ ఎప్పటికీ రాలేదు. పెద్ద సంసారమన్న మాటకు అసలు బరువు మోసింది ఆవిడ. ఛాయాదేవి ‘సుఖాంతం’ కథలో జీవితమంతా కంటినిండా నిద్రకు మొహం వాచిన స్త్రీ కనిపిస్తుంది. ఆ కథ చదివినవారెవరూ ఈ ప్రశ్నను దాటవేయలేరు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచే ముందు ఆస్తిని ఇద్దరు భార్యలకూ పంచడానికి సిద్ధపడతాడు. సంపద కాదు, అమృతత్వానికి దారి కావాలని మైత్రేయి అడిగితే కూర్చుని చెప్పి మరీ వెళతాడు. విడుదల కోరేవాడు ముందు ఇంట్లోవాళ్ల విడుదల గురించి ఆలోచించాలన్న నీతి అందులో ఉంది. కాబట్టి గ్రంథాలయాధికారి వానప్రస్థం భార్య శ్రమ మీద నిలిచేదైతే అది వానప్రస్థం కాదు, బాధ్యత ఎగవేయడం. ఆవిడ చదువుకోవాలనుకున్నవి, వెళ్లాలనుకున్న చోట్లు, ఊరికే కూర్చోవాలనుకున్న మధ్యాహ్నాలు కూడా అదే లెక్కలో ముందు వరసలో రావాలి. ఋషి ఋణం ఆవిడకూ ఉంది. తీర్చుకునే అవకాశం మనమే ఇవ్వలేదు.

ఇదంతా ఒప్పుకుంటే చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. విశ్వవిద్యాలయాలు రిటైరైన గ్రంథాలయాధికారులకు ఒక బల్ల, ఒక కుర్చీ, లోపలికి వచ్చే అనుమతి ఇవ్వాలి. తమ సేకరణల చరిత్రను వాళ్ల చేత రాయించాలి, వాళ్లు చెబుతుంటే యువ సిబ్బంది నమోదు చేసుకోవాలి. సొంత ఊరికి చేరినవారికి అక్కడి శాఖా గ్రంథాలయం ఉంది. మన ఆస్తి పన్ను మీద గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం, అయినా ఎన్నో శాఖల్లో పుస్తకం గురించి చెప్పే మనిషి లేడు. అయ్యంకి వెంకటరమణయ్య గ్రంథాలయోద్యమాన్ని నడిపింది, వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది ప్రభుత్వ ఉత్తర్వులతో కాదు, ఊళ్లలోని మనుషుల పూనికతోనే. వారానికి రెండు పూటలు ఒక అనుభవజ్ఞుడు ఆ బల్ల ముందు కూర్చుంటే పోటీ పరీక్షల పుస్తకం కోసం వచ్చిన కుర్రాడు మరో పుస్తకంతో కూడా ఇంటికి వెళతాడు. కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు, అల్లుళ్లకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో అలాంటి పెద్దాయనో పెద్దావిడో ఉంటే, వచ్చే సోమవారం నుంచి వారి ఉదయాలను వారికి వదిలేయండి. మనవణ్ణి బస్సు ఎక్కించే పని మీరు చూసుకోండి.